ఎడమ పక్క తగ్గిన శబ్దం

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. ఆ రోజులు వచ్చాయంటే కావలిలోని నా రిపేరు షాపుకు వచ్చే సరుకు మారిపోతుంది. మామూలుగా మిక్సీ మోటార్లు, ఇన్వర్టర్ బోర్డులు, పెళ్లి పందిళ్ల ఆంప్లిఫయర్లు వస్తుంటాయి. పడవలన్నీ ఒడ్డెక్కాక మాత్రం బోగోలు వైపు నుంచి వాటిలోని సామాను రావడం మొదలవుతుంది. చేపల గుంపును తెర మీద చూపించే ఫిష్ ఫైండర్లు, వైర్‌లెస్ సెట్లు, దారి చూపే జీపీఎస్ పెట్టెలు. అన్నింటికీ జబ్బు ఒకటే, ఉప్పు గాలి. మూత విప్పగానే రాగి మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది.

నేను వెంకటాచలం దగ్గర పుట్టి, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, పెళ్లయ్యాక కావలి వచ్చినదాన్ని. ఈ బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. బాగుచేసిన వస్తువుల్లో చాలావాటిని మరిచిపోయాను. ఆ వేసవిలో వచ్చిన ఒక కంప్యూటర్‌ని మాత్రం మరిచిపోలేదు.

దాన్ని తెచ్చినవాడు రమణయ్య. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు పల్లెలో ఉంటాడు. పడవల డీజిల్ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్. నలభై దాటినవాడు, నాకంటే చిన్నవాడు. పడవల సామాను తెచ్చివ్వడం వల్ల నాకు చాలాకాలంగా పరిచయం. ఆ రోజు పాత పంచెలో చుట్టిన మూటొకటి తెచ్చి, బల్ల మీద మెల్లగా దించాడు.

"ఇది పడవది కాదక్కా. నాది," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

విప్పి చూస్తే మందపాటి కీబోర్డు. అడుగున పెట్టె లాగా ఎత్తుగా ఉంది. వెనక వైపు టీవీకి తగిలించే సాకెట్, కరెంటు సాకెట్, చిన్న గుండ్రటి ఆడియో జాక్. తెర లేదు, మౌస్ లేదు.

"ఏందిది రమణయ్యా?"

"కంప్యూటరక్కా. పాతకాలం రకం. విడిభాగాల కిట్టు పోస్టులో తెప్పించుకోని నేనే అతికించినా. మేము చదివే బళ్లో ఇట్టాంటిది ఒకటి ఉండేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. కిటికీలోంచి చూసేవాళ్లం. అప్పటినుంచి దాని మీద కోరిక ఉండిపోయింది."

ముప్పై నలభై ఏళ్ల కిందటి కంప్యూటర్లంటే మోజు ఉన్నవాళ్ల కోసం, అదే పద్ధతిలో ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్న కిట్లు ఉన్నాయని విన్నాను గానీ చూడటం అదే మొదలు. టీవీకి తగిలించాను. నీలం తెర మీద ఒక తెల్ల చుక్క మిణుకుమంటూ నిలబడింది. ఏం చేయాలో మనమే వరస వెంట వరస టైపు చేసి చెప్పాలి. రమణయ్య నూనె మరకల వేళ్లతో ఒక్కొక్క అక్షరమే నొక్కాడు. టీవీలోంచి టుక్ టుక్ టుక్ మని పడవ ఇంజిన్ మోత వచ్చింది.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"ఇది బాగుండే ఇంజిను. ఇప్పుడు ఇను. డీజిల్ చిమ్మే నాజిల్ కారతా ఉంటే ఇట్టా ఉంటాది." మళ్లీ నొక్కాడు. టుక్ టుక్ మధ్యలో చిన్న తడబాటు వినిపించింది. "ఇది వాల్వును తోసే ట్యాపెట్ వదులైంది." ఈసారి సన్నటి టకటక కలిసింది. నా చెవికి మొదటి రెండింటికీ పెద్ద తేడా తెలియలేదు. అతను మాత్రం ఊరి మనుషుల గొంతులు గుర్తుపట్టినట్టు ఒక్కోదాన్నీ పేరు పెట్టి చెబుతున్నాడు. పొద్దంతా ఒడ్డున విన్న మోతలను సాయంత్రం ఇంటికి వచ్చి ఈ పెట్టెలో తయారుచేయడం అతని సరదా.

"మా శారద ఒప్పుకోదు. పగలంతా ఇంజిన్లే, ఇంట్లో కూడా ఇంజిన్లేనా అంటాది. అందుకే హెడ్‌ఫోన్ పెట్టుకుంటా. ఆ జాకే చెడింది. ఎడమ పక్క గరగరమంటాది, ఒక్కోసారి అసలు రాదు. పడవ ఎడమ నుంచి కుడికి పొయ్యేట్టు ఒకటి రాసినా. ఇప్పుడు ఆ పడవ సగం దారిలో పుట్టుకొస్తా ఉండాదక్కా."

పెట్టె నా దగ్గర వదిలేసి వెళ్లాడు. నిషేధం ముగిసేలోగా అతను పూర్తిచేయాల్సిన ఇంజిన్లు ఒడ్డున విప్పి ఉన్నాయి.

హెడ్‌ఫోన్ పిన్నును దగ్గరగా చూస్తే దాని మీద రెండు నల్ల గీతలు కనిపిస్తాయి. అవి పిన్నును మూడు ముక్కలుగా విడదీస్తాయి. కొనలో ఉన్న ముక్క ఎడమ చెవికి, మధ్యలోది కుడి చెవికి, వెనక ఉన్నది రెండింటికీ ఉమ్మడి. జాక్ లోపల మూడు చిన్న స్ప్రింగ్ రేకులు ఉంటాయి. ఒక్కో రేకు ఒక్కో ముక్కను పట్టుకోవాలి. ఎడమ పక్క ఒక్కటే పోయిందంటే ఆ ఒక్క రేకు దారిలోనే ఎక్కడో తెగిందన్నమాట.

బోర్డును భూతద్దం కింద పెట్టాను. జాక్ కాలు బోర్డుకు అతికిన చోట, సోల్డర్ చుట్టూ వెంట్రుకంత పగులు ఉంది. సోల్డర్ అంటే అతుకు వేసే మెత్తటి లోహం. హెడ్‌ఫోన్ తీగ లాగినప్పుడల్లా ఆ బరువంతా అతుకు మీద పడి పగిలింది. ఉప్పు గాలి పగుల్లోకి దిగి మిగతా పని కానిచ్చింది. పాత జాక్ పీకి చూస్తే కింద ఉన్న రాగి బిళ్ల కూడా లేచిపోయి ఉంది. కొత్త జాక్ పెట్టి, లేచిన బిళ్లకు బదులుగా సన్నటి తీగతో కొత్త దారి వేశాను. జాక్ కదలకుండా అడుగున జిగురు పట్టించాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని, రమణయ్య రాసిన పడవను నడిపించాను. పడవ నా ఎడమ చెవి దగ్గర బయలుదేరి, తల మధ్యలోంచి సాగి, కుడి చెవి దాటి వెళ్లిపోయింది. ఎక్కడా తెగలేదు.

కావలికి సామాన్ల కోసం వచ్చిన అతని భార్య శారద దాన్ని తీసుకువెళ్లింది.

మర్నాడు రమణయ్యే మూటతో వచ్చాడు.

"ఎడమ పక్క ఇంకా సరిగా లేదక్కా. గరగర పోయింది. కానీ గుడ్డ కప్పినట్టు ఉండాది. అడుక్కి పోయింది శబ్దం."

అతుకు మళ్లీ వదిలిందేమో అనుకున్నాను. విప్పి చూస్తే గట్టిగానే ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను, రెండు పక్కలా సమానం. అతనికిచ్చాను. విని తల అడ్డంగా ఊపాడు. నా దగ్గరున్న ఇంకో హెడ్‌ఫోన్ ఇచ్చాను. అదే మాట. చివరికి ఆసిల్లోస్కోప్ తగిలించాను. శబ్దంగా మారబోయే కరెంటును తెర మీద అలలుగా చూపించే పరికరం అది. పై అల ఎడమది, కింది అల కుడిది.

"చూడు. రెండూ ఒకటే ఎత్తు."

అతను తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "ఒకటే ఎత్తు ఉండాయి, నిజమే. మరి నాకెందుకక్కా తక్కువ ఇనబడతా ఉండాది?"

న్యాయమైన ప్రశ్న. కొందరు ఊరికే వంక పెడతారు, వాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. రమణయ్య ఆ రకం కాదు. నాజిల్ కారే చప్పుడును అక్షరాల్లో పట్టుకున్నవాడు తక్కువ ఉందంటే ఎక్కడో తక్కువ ఉండి తీరాలి. నాకు చిరాకు పోయి ఆసక్తి పట్టుకుంది.

మా పనిలో దారి తోచనప్పుడు చేసే పని ఒకటుంది. అనుమానం ఉన్న భాగాన్ని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టి చూస్తాం. భాగంతో పాటు తప్పు కూడా అక్కడికి పోతే ఆ భాగానిదే తప్పు. తప్పు పాతచోటే ఉండిపోతే భాగం మంచిదే, వెతకాల్సింది ఇంకొకటి. జాక్‌లో ఎడమ కుడి మార్చాలంటే మళ్లీ తీగలు విప్పాలి. అంతకంటే సులువైన దారి తోచింది.

"కళ్లు మూసుకో రమణయ్యా. నేను పెడతా. ఏ పక్క తక్కువో చెప్పు," అన్నాను.

హెడ్‌ఫోన్‌ను వెనక్కి తిప్పి, ఎడమ దిమ్మ కుడి చెవికి, కుడి దిమ్మ ఎడమ చెవికి వచ్చేట్టు పెట్టాను. జాక్‌లో తప్పుంటే ఇప్పుడు కుడి పక్క తగ్గాలి.

"ఎడమే తక్కువ," అన్నాడు వెంటనే.

తీసి మామూలుగా పెట్టాను. ఎడమ అన్నాడు. మళ్లీ తిప్పి పెట్టాను. ఎడమే.

నా చేతులు హెడ్‌ఫోన్ మీద అలాగే ఆగిపోయాయి. ఎలా చెప్పాలి? ఆ పల్లెల్లో ఇంజిన్ చప్పుడు విని తప్పు చెప్పేవాడని అతనికి పేరు. ఆ పేరంతా చెవుల మీదే నిలబడి ఉంది. నేను మాట వెతుక్కుంటుండగా అతను కళ్లు తెరిచాడు. చెయ్యి పైకెత్తి, చెవుల మీది దిమ్మలను తడిమి, వాటి నుంచి వచ్చే తీగ ఏ పక్క ఉందో పట్టి చూశాడు.

"తిప్పి పెట్టినావా అక్కా?"

"తిప్పినా."

"మేము కూడా ఇట్టనే చేస్తాం," అన్నాడు నెమ్మదిగా. "ఒకటో సిలిండర్ నాజిల్ తీసి రెండోదాంట్లో వేసి చూస్తాం. తప్పు నాజిల్‌తో పాటు పోకుండా ఒకటో సిలిండర్‌లోనే ఉండిపోతే..."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. కుడి చెవిని అరచేత్తో మూసుకుని, ఎడమ చెవి దగ్గర చిటికె వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు.

"ఎప్పటినుంచి ఇట్టా?" అని అడిగాను.

"పెట్టె నీ దగ్గర ఉన్నప్పుడే. ఒకరోజు పొద్దున లేచేసరికి చెవి దిమ్ముగా ఉండాది. ఉప్పునీళ్లు పోయినాయేమో అనుకున్నా. శారద కొబ్బరినూనె వెచ్చజేసి పోసింది. లోపల ఈగ గుయ్యిమన్నట్టు ఉంటే అదే పోతాదిలే అనుకున్నా."

అప్పుడు నాకు అర్థమైంది. జాక్ ఎడమ పక్క పోయిన మాట నిజమే. దాన్ని నేను బాగుచేసిన మాటా నిజమే. అది బల్ల మీద ఉన్న రోజుల్లో అతని ఎడమ చెవి పోయింది. రెండు తప్పులూ ఒకే పక్కన పడ్డాయి. ముందు నుంచే జాక్ మీద అనుమానం ఉండటంతో చెవి మీదికి అతని మనసు పోలేదు.

కావలిలోనే చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. వినికిడి కొలిచే పరికరం, ఆడియోమీటర్ అంటారు, దాని హెడ్‌ఫోన్ తీగ తెగితే ఒకసారి నేనే అతికించి ఇచ్చాను. ఆవిడకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"రాత్రికి రాత్రి తగ్గిందంటున్నారా? అయితే ఆలస్యం చేయొద్దు. గుబిలి అయితే ఫర్వాలేదు, నరానికి సంబంధించింది అయితే ఒక్కొక్క రోజూ విలువైందే. ఇప్పుడే తీసుకురండి," అన్నారు.

రమణయ్య కదల్లేదు. "పడవలు నీళ్లలోకి దిగాలక్కా. ఇంజిన్లు విప్పి పెట్టి వచ్చినా. అయి బిగించేసి నిదానంగా పోతాలే. నొప్పేం లేదు గదా."

"ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని తెలిసినాక, ఇంకో నాలుగు మైళ్లు పొయ్యి చూద్దాంలే అంటాడా ఎవడన్నా? నువ్వయితే ఊరుకుంటావా?"

అతను నా వైపు చూసి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఒక్కడినే వెళ్లమంటే దారిలో ఊరి బస్సెక్కేస్తాడని నాకు అనుమానం. షట్టర్ దించి నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి, గుబిలి లేదన్నారు. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ తీశారు. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ అది, కొడితే గుంయ్యిమని ఒకే స్వరం పలుకుతుంది. దాన్ని మోగించి, కాడను రమణయ్య నుదుటి మధ్యలో ఆనించారు.

"ఏ పక్క వినిపిస్తోంది?"

"కుడి పక్కకు పోతా ఉండాది మేడమ్."

ఆవిడ ముఖం కొంచెం గంభీరమైంది. చెవి దారికి ఏదో అడ్డం పడితే, నుదుటి మీద పెట్టిన శబ్దం వినపడని చెవి వైపే పోతుందట. లోపలి నరం బలహీనపడితే బాగున్న చెవి వైపు పోతుందట. ఏ తీగా విప్పకుండా, ఒక్క ఉక్కు ముక్కతో తప్పు ఎక్కడుందో తేల్చేశారు. ఆ బాధలో కూడా నాకు ఆ పద్ధతి ముచ్చటేసింది.

ఆడియోమీటర్ ముందు కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమన్నారు. కుడి చెవికి టకటకా నొక్కాడు. ఎడమ చెవికి మారాక అతని వేలు బటన్ మీద ఎదురుచూస్తూ ఉండిపోయింది. వినాలని ముందుకు వంగాడు, కళ్లు మూసుకున్నాడు. నేను తల తిప్పుకున్నాను.

"మాత్రలు ఈరోజే మొదలుపెట్టాలి. షుగర్ పరీక్ష కూడా చేయించాలి, ఈ మందుకు అది పెరుగుతుంది. వినికిడి మొత్తం రావచ్చు, కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు. నేను మాటివ్వలేను. నేను చెప్పేదాకా ఇంజిన్ల దగ్గరికి మాత్రం పోకూడదు," అన్నారు డాక్టరమ్మ.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగిపోయాడు. ఇంజిన్ లోపలి చప్పుడు వినాలంటే మెకానిక్కులు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటారు. అతను గాలిలోనే ఆ పిడి పట్టుకున్నట్టు చెయ్యెత్తి, ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేను ఇనేది ఈ చెవితోనేనక్కా," అన్నాడు. "ఇరవై ఏళ్లుగా ఇదే."

శారదకు ఫోన్ చేసి బస్టాండ్‌కి రమ్మన్నాను.

ఆ తర్వాత రోజులు అతనికి కష్టంగా గడిచాయని శారద చెప్పేది. పడవల వాళ్లు ఇంటికొచ్చి నిలబడేవాళ్లు. ఒకరిద్దరు విసుక్కున్నారు. ఒంగోలు వైపు నుంచి ఇంకో మెకానిక్‌ను తెచ్చుకున్నారు. గాలి ఇటు తిరిగితే ఒడ్డున ఇంజిన్ స్టార్టు చేసిన చప్పుడు ఇంటికి వినిపించేదట. రమణయ్య లేవబోతే శారద గుమ్మానికి అడ్డంగా కూర్చుని చేపలు తోముకునేదట.

ఒకరోజు అతనే ఫోన్ చేశాడు. "అక్కా, నీ జాక్ రెండు పక్కలా సమానంగా ఇస్తాదా? నిజం చెప్పు."

"నువ్వే చూసినావు గదా తెర మీద."

"అప్పుడు చూసినా. ఇప్పుడు?"

ఎందుకని అడిగితే చెప్పాడు. ఇంట్లో ఊరకే కూర్చోలేక కంప్యూటర్‌లో కొత్తది రాశాడట. ఒక స్వరం మొదలై మెట్లు మెట్లుగా తగ్గుతూ పోతుంది. వినపడటం ఆగిన చోట మీట నొక్కాలి. తెర మీద ఆ చెవి పేరున, ఎన్ని మెట్లు వినపడితే అంత పొడుగు గీత పడుతుంది. ముందు కుడి, తర్వాత ఎడమ. రోజూ సాయంత్రం చూసుకుంటున్నాడట.

"ఎడమ గీత రొంత పెరిగిందక్కా. అది చెవి పెరిగిందో జాక్ మారిందో తెలియబళ్లా."

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. పెట్టె తెప్పించుకున్నాను. మల్టీమీటర్‌తో అతుకులు కొలిచాను, ఆసిల్లోస్కోప్ మీద రెండు అలలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. సన్నటి స్వరం నుంచి బొంగురు స్వరం దాకా ఒకే గీతలా కలిసిపోయాయి. ఒక ఆడియో జాక్‌ను అంత జాగ్రత్తగా పరీక్షించడం నాకు అంతకుముందు ఎప్పుడూ అవసరం పడలేదు. ఫోన్ చేసి, "జాక్ మారలేదు రమణయ్యా," అన్నాను. అవతల అతను శారదను కేకేసి పిలవడం వినిపించింది.

డాక్టరమ్మకు ఆ గీతల సంగతి చెబితే, శబ్దం పెద్దగా పెట్టనంత వరకు చూసుకోవచ్చు గానీ అసలు లెక్క తన పరికరానిదేనని అన్నారు. ఆవిడ పరికరం కూడా అదే మాట చెప్పింది. మందు పనిచేసింది. బొంగురు స్వరాలు దాదాపు పూర్తిగా తిరిగొచ్చాయి. బాగా సన్నటి స్వరాలు మాత్రం కొంత దూరం వచ్చి ఆగిపోయాయి. ఆపైన రాలేదు.

వేట మళ్లీ సాగాక, ఒక పడవలో వైర్‌లెస్ సెట్టు బిగించడానికి ఒడ్డుకు వెళ్లాను. పక్క పడవలో రమణయ్య కనిపించాడు. చెవులకు మందపాటి మోత అడ్డాలు పెట్టుకుని, వంగి ఇంజిన్ చూస్తున్నాడు. అవి పెట్టుకోవాలన్న షరతు మీదే డాక్టరమ్మ పనికి ఒప్పుకున్నారు. ఇంజిన్‌ను బాగా తగ్గించి, కుడి పక్క అడ్డం తీసి, స్క్రూడ్రైవర్ పిడిని కుడి చెవికి ఆనించాడు. విన్నాడు. తలెత్తి నన్ను చూసి, ఇంజిన్ ఆపి గట్టు మీదికి వచ్చాడు.

"ఎట్టా ఉండాది కుడి చెవి?" అని అడిగాను.

"ఇనబడేదంతా ఇనబడతాదక్కా. కానీ గుర్తుపట్టేదానికి టైం పడతా ఉండాది. ఎడమదానికి అన్నీ తెలుసు. దీనికి నేర్పిస్తా ఉండా."

"ఎట్టా నేర్పిస్తావు?"

"పెట్టెలో ఉండాయి గదా అన్నీ. నాజిల్, ట్యాపెట్, బేరింగ్. సాయంత్రాలు కుడి పక్కే పెట్టుకోని ఇంటా ఉండా. శారద మీట నొక్కుతాది, ఏదో నేను చెప్పాల. తప్పు చెప్తే నవ్వతాది."

పడవ యజమాని పిలిస్తే వెళ్లిపోయాడు.

అంతకుముందు నా పరీక్ష జాక్ దగ్గర ఆగిపోయేది. నా చెవికి సరిగా వినపడి, తెర మీద అల సరిగా కనపడితే పని అయిపోయినట్టే. శబ్దం చివరికి చేరేది ఎవరి చెవికో, ఆ చెవి ఎలా ఉందో చూడటం నా పనిలో భాగమని అనుకోలేదు. ఇప్పుడు రేడియో గానీ హెడ్‌ఫోన్ గానీ బాగుచేసి ఇచ్చేటప్పుడు, పట్టుకుపోయే మనిషినే కూర్చోబెట్టి ఒకసారి మామూలుగా, ఒకసారి తిప్పి పెట్టి వినిపిస్తాను. చాలామందికి అది తమాషాగా ఉంటుంది. ఏందక్కా ఈ పరీక్ష అని నవ్వుతారు. నవ్వినా సరే, ఏ పక్క ఎలా ఉందో చెప్పేదాకా వస్తువు చేతికివ్వను.